ఒక్క నేరం, ఎవరి పేరున

పిల్లుల కేసు లాయరమ్మ వంతుకు వచ్చిన రోజున బార్ రూంలో నవ్వులే నవ్వులు. ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిలకు కోర్టే లాయరును కుదురుస్తుంది. ఆ నెల ఆ వంతు ఆమెది. దొంగతనాలు, కొట్లాటలు చూసి చూసి మొద్దుబారిన సీనియర్లకు ఈ కేసు పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవులెమ్మని ఒకాయన ధైర్యం చెప్పాడు. మన మేజిస్ట్రేటు ఎలాగూ గోడ మీద పిల్లే కాబట్టి తీర్పు ఎటైనా దూకొచ్చని ఇంకొకాయన అన్నాడు. లాయరమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వింది. నలుగురూ నవ్వే చోట ముఖం ముడుచుకుని కూర్చుంటే రేపు వాళ్లతో పని పడినప్పుడు ఎవరూ పలకరని ఆమెకు అనుభవం మీద తెలుసు.

సాయంత్రం ఇంటికి వచ్చి ఫైలు తెరిచాక ఆ నవ్వు నిలవలేదు.

ముద్దాయి డెబ్భై ఏళ్ల మనిషి. పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె సిస్టరమ్మే. అసలు పేరు పోలీసులు కాగితం మీద రాసుకునేదాకా పక్కింటివాళ్లకు కూడా తెలియదు. వాసన భరించలేకపోతున్నామని వీధివాళ్లు ఫిర్యాదు చేస్తే, పోలీసులు పశువుల డాక్టరును వెంటబెట్టుకుని వెళ్లి తలుపు తీయించారు. లోపల పిల్లులు బతికి ఉన్నవి పదకొండు, చచ్చిపోయినవి ముప్పై.

ప్రాసిక్యూటరు వాటన్నిటినీ కలిపి ఒక కేసుగా రాయలేదు. ఒక్కొక్క పిల్లికి ఒక్కొక్క అభియోగం చొప్పున నలభై ఒకటి రాశాడు. అన్నింటికీ సెక్షన్ ఒకటే, వాక్యం ఒకటే. మారేది ఒక్కటే ముక్క. నల్లది, ఆడది. బూడిద రంగుది, మగది, ఒక కన్ను లేదు. చారలది, కూన. అలా చదువుకుంటూ పోతుంటే ఒకచోట నుంచి ఆ ముక్క కూడా మారడం మానేసింది. రంగు తెలియదు, ఆడో మగో తెలియదు. రంగు తెలియదు, ఆడో మగో తెలియదు. పేజీ తిప్పినా అదే. లాయరమ్మ ఫైలు మూసి, లేచి వెళ్లి కాసేపు తల్లి పక్కన కూర్చుంది.

మర్నాడు ఆమె ప్రాసిక్యూటరు గదికి వెళ్లింది. భారీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు, గొంతు పట్టేసిందంటూ ఎప్పుడూ బుగ్గన ఏదో బిళ్ల పెట్టుకుని ఉంటాడు. ఇద్దరూ ఎన్నో కేసుల్లో ఎదురెదురుగా నిలబడినవాళ్లే, బయట కలిస్తే టీ తాగేవాళ్లే. ఒక్కో అభియోగానికి ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. శిక్షలన్నీ కలిసి ఒకేసారి నడిస్తే ఆరు నెలలతో పోతుంది. రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే మాత్రం ఆ ముసలావిడ ఇక బయటికి రాదు. ఇదంతా చెప్పి, ఒక్క ఇంట్లో ఒక్క మనిషి చేసిన నిర్లక్ష్యానికి ఇన్ని అభియోగాలు ఏ న్యాయమని లాయరమ్మ అడిగింది.

"ఇంటికి నిప్పు పెట్టేవాడు అగ్గిపుల్ల ఒక్కటే గీస్తాడు మేడమ్. లోపల నలుగురు పోతే, పుల్ల ఒక్కటే కదా, హత్య ఒక్కటే అంటామా?"

"నిప్పు పెట్టడం ఒక పని సార్. ఈవిడ ఏ పనీ చేయలేదు. చేయకపోవడమే ఆవిడ నేరం. చేయకపోవడాన్ని ముక్కలు కోసి ఎలా లెక్కపెడతారు?"

ప్రాసిక్యూటరు బిళ్లను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడు.

"ఆకలి ముక్కలుగానే వేస్తుంది కదా మేడమ్. ఎవరి కడుపు వాళ్లది."

 తన వాదానికి కావలసిన తాడు ఆ గదిలోనే ఆమెకు దొరికింది. 'ఏ పనీ చేయలేదు' అన్న మాటను పట్టుకుని బయటికి వచ్చింది.

సిస్టరమ్మ బెయిలు మీద తమ్ముడి ఇంట్లో ఉంటోంది. ఆ తమ్ముడికి అద్దాల కొట్టు ఉంది, కిటికీలకూ ఫొటోలకూ అద్దాలు కోసి ఇస్తాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషని పేరు. ఆ పిసినారితనాన్ని సరిపెట్టడానికే దేవుడు వాడికంటే ముందు అక్కను పుట్టించాడని వీధిలో ఒకప్పుడు నవ్వుకునేవారట. సీలు వేసిన ఇల్లు చూడడానికి అనుమతి దొరికాక, ఒక మధ్యాహ్నం అతనే తాళంచెవి పట్టుకుని వెంట వచ్చాడు. గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. తనకు దుమ్ము పడదన్నాడు.

ఇల్లంతా కడిగించారు. ఫినాయిలు వాసన ముక్కు పగలగొడుతోంది, దాని అడుగున ఇంకో వాసన ఉంది. ముందు గదిలో గోడవారగా అట్టపెట్టెలు రెండు వరసల్లో ఉన్నాయి, ఒక్కో పెట్టెలో మడతపెట్టిన తువ్వాలు. మధ్యలో మనిషి నడవడానికి దారి. చివర ఒక స్టూలు, దాని మీద స్టీలు ట్రే, దూది, కత్తెర. ఎక్కడ చూశానా అని లాయరమ్మ ఒక్క క్షణం తడుముకుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి పడుకున్న ఆసుపత్రి వార్డు గుర్తుకొచ్చింది. పెంటకుప్పలాంటి ఇల్లు చూడబోతున్నానని ఆమె మనసు గట్టి చేసుకుని వచ్చింది. ఇంత పద్ధతిగా ఉంటుందని అనుకోలేదు. పద్ధతిగా ఉండడం చూస్తేనే భయం వేసింది.

లోపలి గదికి తలుపు ఒకటే. బయటివైపు రంగు బాగానే ఉంది. లోపలికి వెళ్లి తలుపు వెనక్కి తిప్పి చూస్తే, కింద జానెడెత్తు మేర రంగు మచ్చుకైనా లేదు. చెక్క తెల్లగా, నారలు లేచి, ఒకచోట వేలు ఆనితే వంగేటంత పల్చబడి ఉంది. లాయరమ్మ ఫోనుతో ఫొటో తీసుకుంది. అది తన వైపు పనికొస్తుందో, అవతలి వైపు పనికొస్తుందో ఆ నిమిషంలో ఆలోచించలేదు.

బయటికి వస్తూ వీధి గడప దాటుతుండగా కాళ్ల మధ్య నుంచి ఏదో దూరి పోయినట్టయి, ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయింది. కింద ఏమీ లేదు. గేటు దగ్గర నుంచి తమ్ముడు చూశాడు.

"మీకూనా మేడమ్?" అన్నాడు. 

తమ్ముడి ఇంట్లో వెనక గది సిస్టరమ్మది. మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, తల నున్నగా దువ్వుకుని, గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, ఇప్పుడే డ్యూటీకి బయలుదేరబోతున్నట్టు ఉంది. గాలి వస్తోందని లాయరమ్మ తలుపు మూయబోతే, ఉండనివ్వమ్మా, మూయకు అంది. దిగేముందు కింద చూసుకుని, ఎవరినో తప్పించుకున్నట్టు పాదం కాస్త పక్కకు వేసి దిగింది.

ఎలా మొదలైందో ఆమె దాచుకోకుండా చెప్పింది. రిటైరైన కొత్తలో ఒక పిల్లి వచ్చింది, పాలు పోసింది. అది ఈనింది. సిస్టరమ్మ పాలు పోస్తుందని వీధికి తెలిసింది. ఆ తర్వాత ఎవరింట్లో పిల్లి ఈనినా కూనలు సంచిలో పెట్టి ఈమె గేటుకు తగిలించడం మొదలైంది. సిస్టరమ్మ ఉందిగా అనేవారు. పొద్దున తలుపు తీస్తే సంచి కదులుతూ ఉండేది. ఊరవతల వాళ్లు కూడా రిక్షాలో తెచ్చి వదిలి వెళ్లేవారు. వద్దని ఎవరికీ చెప్పలేకపోయింది. ఆసుపత్రిలో కూడా మంచాలు లేవని ఏ తల్లినీ వెనక్కి పంపలేదట, నేల మీద పక్క వేసేదట. పెన్షను పాలకే చాలలేదు. తర్వాత రోగం వచ్చింది. కళ్లు కారడం, తుమ్ములు, తిండి ముట్టకపోవడం. ఒకటి పోయింది, రెండు పోయాయి. బయట పూడ్చుదామంటే ఎవరైనా చూసి మిగతావాటిని పట్టుకుపోతారని భయం. దుప్పటిలో చుట్టి పక్కన పెట్టింది. ఆ తర్వాత తనకూ జ్వరమే.

"నన్ను వాళ్లు అడిగారమ్మా, ఎన్ని ఉన్నాయని," అంది. "ఎంతమంది అని అడగలేదు."

అభియోగాలు నలభై ఒకటని లాయరమ్మ చెప్పినప్పుడు ఆ ముసలావిడ ముఖంలో భయం కనిపించలేదు. సరిగ్గా లెక్కపెట్టారే అన్నట్టు నెమ్మదిగా తల ఊపింది. అది అర్థం కాని లాయరమ్మ, ఏం భయపడకండి, తగ్గిస్తాను అని మాట ఇచ్చింది.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఆమె నెల రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పాత తీర్పులు తిరగేసింది. చట్టంలో ఉన్నది చిన్న వాక్యం. తన సంరక్షణలో ఉన్న జంతువునుగానీ జంతువులనుగానీ తిండి, నీరు, వైద్యం అందించక బాధకు గురిచేసినవారు శిక్షార్హులు. ప్రాసిక్యూటరు 'జంతువును' అన్న మాటను పట్టుకున్నాడు: ఒక్కొక్క జంతువూ ఒక్కొక్క నేరం. లాయరమ్మ 'జంతువులను' అన్న మాటను పట్టుకుంది: ఎన్ని ఉన్నా కలిపి ఒక్క నేరమేనని చట్టమే అంటోంది. కేసంతా 'ల' అన్న ఒక్క అక్షరం మీద నిలబడింది.

వాదనల రోజున పశువుల డాక్టరు సాక్ష్యం చెప్పాడు. నిజాయితీపరుడు. బతికినవాటి సంగతి ఒక్కొక్కదానిది విడిగా చెప్పాడు. చనిపోయినవాటి దగ్గరికి వచ్చేసరికి, ఏది ఏ కారణంతో, ఎప్పుడు పోయిందో విడిగా చెప్పగలరా అని లాయరమ్మ అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చెప్పలేనండి. అవి విడివిడిగా లేవు."

కోర్టు హాల్లో ఎవరో దగ్గారు. లాయరమ్మ ఆగలేదు. ముసలితనంతో పోయినవి కూడా అందులో ఉండొచ్చు కదా అంటే ఉండొచ్చన్నాడు. ఆ తర్వాత ఆమె చాలాసేపు మాట్లాడింది, బాగా మాట్లాడింది. ఒకే ఇల్లు, ఒకే కాలం, ఒకే మనిషి అశక్తత. ఈవిడ కొట్టలేదు, విషం పెట్టలేదు, ఏ ఒక్క పిల్లినీ వేరుగా ఎంచి బాధపెట్టలేదు. ఈవిడ ఏ పనీ చేయలేదు, చేయలేకపోయింది. లేని పనిని నలభై ఒక్కసార్లు ఎలా చేస్తారు? ఆ వాక్యం దగ్గర మేజిస్ట్రేటు తల ఎత్తి చూశాడు. గోడ మీద పిల్లి ఈ వైపుకే దూకింది. అభియోగాలన్నీ కలిపి ఒక్కటి చేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. నేరం ఒప్పుకుంటే జైలు లేకుండా చూడొచ్చని కూడా సూచించాడు.

బార్ రూంలో సీనియర్లు ఈసారి నిజంగానే మెచ్చుకున్నారు. ఆమె తల్లి ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. ఆ సంతోషంలోనే లాయరమ్మ అద్దాల కొట్టువాడి ఇంటికి వెళ్లి, వెనక గదిలో సిస్టరమ్మ ఎదుట కూర్చుని, నలభై ఒకటి ఒక్కటైన కథ అంతా పూస గుచ్చినట్టు చెప్పింది.

సిస్టరమ్మ అంతా విని అడిగింది.

"ఆ ఒక్కటీ ఎవరమ్మా?"

ఆవిడకు అర్థం కాలేదనుకుని లాయరమ్మ మళ్లీ మొదలుపెట్టింది. ఎవరో ఒకరి గురించి కాదు, అందరికీ కలిపి ఒక్కటి అంది.

"కలిపితే ఎలాగమ్మా? ఒక సంవత్సరం జ్వరాలకి మా వార్డులో పిల్లలు వరసగా పోయారు. అందరిదీ ఒకే జ్వరం, ఒకే వారం. అయినా ఏ బిడ్డ బొటనవేలికి ఆ బిడ్డ చీటీ కట్టే పంపించాను. ఇద్దరికి కలిపి ఒక చీటీ కట్టలేదు." గొంతు తగ్గించి మళ్లీ అడిగింది. "దూది గురించి వాళ్లకి తెలిసిపోయిందేమో అనుకున్నా. ఆ ఒక్కటీ దూదేనా?"

దూది ఎవరని లాయరమ్మ అడగాల్సింది కాదు. లాయరుగా ఆ మాత్రం తెలుసు. అయినా అడిగింది.

దూది తెల్లటి పిల్లి. రోగం మొదట దానికే వచ్చింది. అంటురోగం వస్తే వార్డులో ఏం చేస్తారో సిస్టరమ్మ అదే చేసింది. దాన్ని తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టి తలుపు వేసింది. ఒక్కరిని వేరు చేస్తే మిగతావాళ్లు దక్కుతారు. మొదట్లో రోజూ తలుపు ఓరగా తెరిచి గిన్నె పెట్టేది. తర్వాత ఇవతలివాటికి కూడా వచ్చింది. ఒక చేత్తో ఎంతమందిని చూస్తుంది? తలుపు తెరిస్తే రోగం ఇంకా ముదురుతుందని ఒకరోజు తెరవలేదు. ఆ మర్నాడూ తెరవలేదు.

"గీకుతుండేది. గీకుతోందంటే బతికే ఉందిలే అనుకునేదాన్ని. అదే నాకు ధైర్యం. తర్వాత ఆగింది." సిస్టరమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. "ఆగాక కూడా తెరవలేదమ్మా. తెరిస్తే తెలిసిపోతుందిగా. మిగతావాళ్లకి నేనేమీ చేయలేకపోయాను. దానికి మాత్రం చేశాను."

మిగతాదేదీ చేసిన పని కాదు. ఇది చేసిన పని. ఒక పిల్లిని ఎంచి, వేరు చేసి, తలుపు వేసిన పని. ఈవిడ ఏ పనీ చేయలేదని నిండు కోర్టులో తాను అన్న మాట లాయరమ్మ చెవిలో గింగురుమంది. లాయరుకు చెప్పుకున్నది లాయరు బయటపెట్టకూడదు. అది ధర్మమే, అది చట్టమే. ఆమె ముసలావిడ చెయ్యి పట్టుకుని, ఈ సంగతి ఇంకెవరి ముందూ ఎత్తవద్దని, కోర్టులో అయితే అసలే వద్దని, ఒప్పుకుంటున్నానండి అన్న ఒక్క మాట చాలని నచ్చజెప్పి వచ్చింది. ఇంటికి వెళ్లి ఫోనులో ఆ తలుపు ఫొటో తెరిచి, చెరిపేయబోయి, చెరపలేక ఫోను పక్కన పెట్టింది.

ఆ తర్వాత నుంచి ఆమెలో ఏదో తేడా వచ్చిందని మొదట కనిపెట్టింది తల్లి. కూతురు వంటింట్లోకి వస్తూ గడప దగ్గర కాలు అనవసరంగా ఎత్తి వేస్తోంది. కుర్చీ లాగేముందు కింద చూస్తోంది. కోర్టులో కూడా అంతే. వరండాలో జనం మధ్య నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది, వెనక వచ్చేవాళ్లు గుద్దుకుని విసుక్కునేవారు. కాళ్ల దగ్గర వెచ్చగా ఏదో రాసుకుపోయేది. కేసు గెలిచి ఇలా నీరసపడేవాళ్లను నేనెక్కడా చూడలేదే, దిష్టి తగిలిందేమో అని తల్లి అంది. దిష్టి కాదని కూతురు అంది. 

నేరం ఒప్పుకునే రోజు హాలు సగం ఖాళీగా ఉంది. పిల్లుల కేసు పాతబడిపోయింది. బోనులో సిస్టరమ్మ నిటారుగా నిలబడింది. మేజిస్ట్రేటు అభియోగం చదివించాడు. 'పిల్లులు, మొత్తం నలభై ఒకటి' అన్నచోట ఆమె పెదవులు కదిలాయి. ఒప్పుకుంటున్నారా అని అడిగాడు.

"ఒప్పుకుంటానండి. కానీ ఆ ఒక్కటీ ఎవరి పేరున రాశారో చెప్పండి."

మేజిస్ట్రేటు ఆమె వయసు చూసి ఓపిగ్గా, అది అందరికీ కలిపి అన్నాడు.

"కలిపితే ఎవరికీ చెందదండి," అని, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. మొదట వచ్చినది బూడిదమ్మ. ఊపిరి అందక పోయింది. దాని కూతురు మీసాలు. మీసాలు పాలు తాగడం మానేసినప్పుడు తానే నిద్రపోయిందనుకుంది. సగంతోక. కందిరీగ. ఎవరో సంచిలో వదిలిన ముగ్గురు, వాళ్లకు పేరు పెట్టేలోపే పోయారు, అందుకని పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. ఒక్కొక్కరూ ఎలా వచ్చారో, ఏ పెట్టెలో పడుకునేవారో, ఎలా పోయారో గొంతు పెంచకుండా, రాత్రి డ్యూటీ నర్సు పగటి డ్యూటీ నర్సుకు వార్డు అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది.

లాయరమ్మ స్టెనో వైపు చూసింది. కాగితం మీదికి ఎక్కితే అందులో ప్రతి మాటా వేరే నేరానికి వేరే ఒప్పుకోలు. అవి విడివిడిగా లేవని డాక్టరు అన్నవాటిని ఈమె విడదీస్తోంది. ప్రాసిక్యూటరు ఇప్పుడు లేచి, అయ్యా, నలభై ఒక్క అభియోగాలూ తిరిగి పెట్టుకుంటానంటే ఆపేవాళ్లు లేరు. లాయరమ్మ అతని వైపు తిరిగింది. అతను లేవలేదు. పెన్ను మూత పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని వింటున్నాడు.

మేజిస్ట్రేటు స్టెనో వైపు చెయ్యి కొద్దిగా ఎత్తాడు. టైపు చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దంలో సిస్టరమ్మ చెబుతూనే ఉంది. దొరసాని. గంటలోడు. ఒంటికన్ను. హాలు తలుపు దగ్గర నిలబడ్డ బంట్రోతు కూడా కదలలేదు. నేల మీద ఎక్కడెక్కడో ఏవేవో వచ్చి కూర్చుంటున్నట్టు అనిపించి లాయరమ్మ తన పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది.

"ఇక దూది," అంది సిస్టరమ్మ.

లాయరమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. బోను దగ్గరికి వెళ్లి ముసలావిడ ముంజేతి మీద చెయ్యి వేసింది. గట్టిగా కూడా పట్టుకోలేదు. సిస్టరమ్మ తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. చిన్నపిల్లకు సూది వేసేముందు తల్లి అడ్డుపడితే నర్సు చూసే చూపు అది. అందులో కోపం లేదు. కాసేపటికి ముందుకు తిరిగి, దూదిని వదిలేసి, తర్వాతి పేరు చెప్పింది. తలుపు గురించి ఎవరూ వినలేదు.

అంతా అయ్యాక ఆమె స్టెనో చేతుల వైపు, తర్వాత మేజిస్ట్రేటు వైపు చూసింది.

"మీరు విన్నారు," అంది. "రాయలేదు."

మీ మంచికేనమ్మా అన్నాడు ఆయన. టైపు చప్పుడు మళ్లీ మొదలైంది. ముద్దాయి నేరం అంగీకరించినది. వయసు, సేవ దృష్ట్యా జైలు శిక్ష లేదు. కొంత జరిమానా, బతికినంత కాలం ఏ జంతువునూ పెంచకూడదు, నెలకొకసారి మానసిక వైద్యుడికి చూపించుకోవాలి. జరిమానా ఆ పిసినారి తమ్ముడే, బేరం ఆడకుండా, ఆ రోజే కట్టేశాడు.

ప్రాసిక్యూటరు ఆ శిక్ష జోలికి పోలేదు. నలభై ఒకటిని ఒకటి చేయడం చట్టరీత్యా తప్పని మాత్రం, ఆ ఒక్క ప్రశ్న మీద పై కోర్టుకు వెళ్లాడు. పంతం కాదు మేడమ్, ఆవిడ చెప్పింది విన్నాక ఊరుకోలేకపోయాను అని టీ దగ్గర ఆమెతో అన్నాడు. ఏడాది దాటాక తీర్పు వచ్చింది. చట్టంలో 'జంతువులను' అని ఉన్నంత మాత్రాన వాటి బాధ ఒక్కటైపోదు, ప్రతి ప్రాణీ తన బాధ తానే పడుతుంది కాబట్టి ప్రతి ప్రాణికీ ఒక అభియోగం ఉండాలి అన్నారు. ఇకముందు వచ్చే కేసులన్నిటికీ అదే దారి. ముగిసిపోయిన కేసును మాత్రం తిరగదోడనక్కర్లేదు.

లాయరమ్మ వాదం ఓడింది. తీర్పు చదివినప్పుడు ఆమె గుండె మీది నుంచి బరువు దిగినట్టయింది. ఈ మాట స్వయంగా చెప్పాలని ఒక ఆదివారం అద్దాల కొట్టువాడి ఇంటికి వెళ్లింది.

సిస్టరమ్మ బాగా చిక్కిపోయింది. మాట మాత్రం అలాగే ఉంది. లాయరమ్మ చెప్పిందంతా చెవి ఒగ్గి విన్నది. ఒక్కొక్కరికీ ఒకటి అన్నచోట ఆమె కళ్లలో వెలుగు వచ్చింది.

"అయితే నన్ను మళ్లీ పిలుస్తారా?"

"పిలవరండి. మీ కేసు అయిపోయింది. ఇది తర్వాత వచ్చేవాళ్లకి."

"పిలిస్తే ఈసారి దూది సంగతి కూడా చెబుతాను. నువ్వు చెయ్యి పట్టుకోకు."

"పిలవరు సిస్టరమ్మా."

వెలుగు నెమ్మదిగా పోయింది. ఆమె కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. అవతలి గదిలో తమ్ముడి భార్య కప్పులు కడుగుతోంది.

"మరి వాళ్లు?" అంది సిస్టరమ్మ.

 లాయరమ్మ క్షమించమని అడుగుదామనుకుంది. ఎవరి తరఫున అడగాలో, ఎవరిని అడగాలో తోచలేదు. కుర్చీలోంచి లేచి, దగ్గరగా కూర్చుందామని మంచం మీద ఒక వారగా కూర్చోబోయింది.

"అక్కడ కాదమ్మా," అంది సిస్టరమ్మ మామూలుగా. "కొంచెం ఇటు జరుగు."

లాయరమ్మ ఎందుకని అడగలేదు. ఆ చోటు వదిలి ఇటు జరిగి కూర్చుంది. తమ్ముడి భార్య తెచ్చిన టీ స్టూలు మీద పెట్టి వెళ్లింది. ఇద్దరూ ఎవరికీ ఇరుకు కాకుండా ఒదిగి, అది చల్లారేదాకా అలాగే కూర్చున్నారు.